వెలిగొండలపై రెండు శిఖరాలు

వాన వెలిసి గాలి తేటపడిన ఉదయం, ఆత్మకూరు వైపు గాని రాపూరు వైపు గాని ఏ ఊరి చెరువు కట్టెక్కి పడమటికి చూసినా ఆకాశం అంచున నీలి గోడ ఒకటి కనిపిస్తుంది. అదే వెలిగొండ. తూర్పున సముద్రం, పడమట ఈ గోడ. రెంటి నడుమ చిక్కిన నేల నెల్లూరు సీమ. తీరాన ఇసుక దిబ్బలు, ఉప్పు కయ్యలు, రొయ్యల గుంటలు. వాటికి ఎగువన పెన్న కింద వరి మడులు. ఆ పైన చెరువును, వానను నమ్ముకున్న మెట్ట. మెట్ట దాటితే కొండ. కొండకు ఆవల కడప సీమ.

ఈ వరుసలో జనం నోట ఎక్కువగా వినిపించే శిఖరాలు రెండు. ఉత్తరాన ఉదయగిరి దుర్గం, దక్షిణాన పెంచలకోన. ఒకటి రాజులు ఎక్కిన కొండ, రెండవది దేవుడు వెలసిన కొండ. పక్షి ఎగిరే దారిలో కొలిస్తే రెంటికీ నడుమ అరవై కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఈ నడుమనే సోమశిల దగ్గర పెన్నేరు కొండను రెండుగా కోసుకుని మైదానంలోకి దిగుతుంది. రెండు శిఖరాలనూ ఒక్కరోజులో ఎక్కి దిగడం ఎవరి తరమూ కాదు. ఒక్కొక్క కొండకు ఒక్కొక్క పగలు కేటాయించుకోవలసిందే. తెల్లవారగానే బయలుదేరి పొద్దు వాలకముందే కిందికి రావాలన్న నియమం రెంటికీ ఒకటే.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ కొండలెక్కే వారి సంఖ్య పెరిగింది. సెలవు వస్తే పట్టణాల నుంచి యువకులు మోటారు సైకిళ్ళ మీద దిగుతున్నారు. చేతిలో సెల్‌ఫోను, సంచిలో లీటరు నీళ్ళు, కాళ్ళకు చెప్పులు. ఎక్కడం సులువుగానే ఉంటుంది. మధ్యాహ్నానికి నీళ్ళు అయిపోతాయి. దిగే దారి ఎక్కిన దారిలా కనిపించదు. కోనల్లో ఫోను పలకదు. ఊళ్ళో మేకల కాపరులను అడిగి బయలుదేరిన వారికి ఈ తిప్పలు తక్కువ. అడగకుండా పోయిన వారి కోసం చీకటి పడ్డాక అదే కాపరులు దివిటీలు, టార్చి లైట్లు పట్టుకుని వెతకవలసి వస్తుంది.

ఉదయగిరి: పద్దెనిమిది నెలల కొండ

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా, కావలి నుంచి వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరికి బస్సులున్నాయి. బస్సు ఊరి దగ్గరకు వస్తుండగానే దుర్గం నిటారుగా ఎదురవుతుంది. పాత గెజిటీర్ల లెక్క ప్రకారం దీని ఎత్తు సముద్ర మట్టానికి 3,079 అడుగులు. ఊరు కొన్ని వందల అడుగుల ఎత్తున ఉన్నది గనుక కాళ్ళతో ఎక్కవలసింది రెండు వేల అడుగుల పైచిలుకు. కొన్నిచోట్ల కొండ చరియలు దాదాపు వెయ్యి అడుగుల లోతున గోడ కట్టినట్టు నిలిచి ఉంటాయని గెజిటీర్లు రాశాయి. ఆ వైపు నుంచి మనిషి గాని మేక గాని ఎక్కలేదు. ఎక్కడానికి వీలున్న ప్రతి దారికీ అడ్డంగా పూర్వం కోటగోడలు, బురుజులు కట్టారు. మొత్తం కోటకు పదమూడు కట్టడాలుండేవనీ, వాటిలో ఎనిమిది కొండ మీద, అయిదు కొండ కింద అనీ ఆ గ్రంథాలే చెబుతున్నాయి.

తూర్పున సముద్రం మీద సూర్యుడు లేవగానే మైదానం ఇంకా మసకలో ఉండగా ఈ కొండ నెత్తిన వెలుగు పడుతుంది. ఉదయగిరి అనే పేరుకు ఇంతకంటె వేరే వివరణ అక్కరలేదు. తొమ్మిది వందల మీటర్ల ఎత్తు మీద నిలబడిన వాడి కంటికి లెక్క ప్రకారం నూరు కిలోమీటర్లకు పైగా చూపు ఆనాలి. కావలి తీరం అంతకంటె దగ్గరే. అయినా ధూళి, ఆవిరి అడ్డుపడి సముద్రం కనిపించే రోజులు అరుదు. చెరువులు మాత్రం పళ్ళెంలో పోసిన పాదరసంలా మెరుస్తూ వరసగా కనిపిస్తాయి.

దారి ఊరి అంచునే మొదలై పాత కోట వాకిళ్ళ గుండా పైకి పోతుంది. మెట్లు కొన్నిచోట్ల నిలిచి ఉన్నాయి, కొన్నిచోట్ల వాన నీళ్ళకు కదిలి దొర్లిపోయాయి. మెట్లు లేనిచోట మేకల బాటే దిక్కు. వెలిగొండ రాయి గట్టి పలుగు జాతిది. విరిగితే అంచులు కత్తిలా ఉంటాయి, తడిస్తే జారుతుంది. బాటకు ఇరువైపులా కలివి, రేగు, బలుసు పొదలు. పైకి పోయిన కొద్దీ చెట్లు చిక్కనవుతాయి. మొలలోతు బోదగడ్డి పెరిగిన చోట బాట మాయమవుతుంది. ఎలుగుబంటి ఉన్న అడవి ఇది. తెలిసినవారు తెల్లవారుజామున నిశ్శబ్దంగా నడవరు. మాట్లాడుకుంటూనో, కర్రతో రాళ్ళను తడుతూనో పోతారు. మనిషి అలికిడి దూరాన వినబడితే ఎలుగు తనంతట తానే తప్పుకుంటుంది. మలుపులో ముఖాముఖి తగిలితేనే ప్రమాదం.

రెండు గంటలో మూడు గంటలో ఎక్కి ఒకచోట కూలబడి కిందికి చూసినవారికి చరిత్ర పుస్తకంలోని ఒక వాక్యం అప్పుడు అర్థమవుతుంది. శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి ఈ కోటను పట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

విజయనగర రాజ్యం పుట్టిన తొలి రోజుల్లోనే ఉదయగిరి దానికి తూర్పు కాపలా. హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఇక్కడి నుంచి ఈ సీమను ఏలాడు. ఆయన కొడుకు రెండవ సంగముడు 1356లో వేయించిన దానశాసనం మన బిట్రగుంట పేరుతోనే చరిత్రలో నిలిచింది. తరువాత పదిహేనవ శతాబ్దిలో కోట ఓఢ్ర గజపతుల చేతికి పోయింది. దానిని తిరిగి తెచ్చుకోవడానికి రాయలు 1513లో దండెత్తాడు. లోపల గజపతి బంధువు తిరుమల రౌతరాయడు కోటను కాస్తున్నాడు.

ఆ తరువాత ఇరవై ఏళ్ళకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ ఈ ముట్టడిని గురించి విన్నదంతా రాసిపెట్టాడు. అతని లెక్కలో రాయల పదాతి దళం 34,000, ఏనుగులు 800. కోటలో ఉన్నది 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు. కోట అంత బలమైనది గనుక అంతకుమించి సైన్యం అక్కరలేకపోయిందట. తిండి తీరిపోయి ఆకలితో లొంగితే తప్ప అది దక్కేది కాదని కూడా అతడు రాశాడు. రాయలు కొండరాళ్ళు పగలగొట్టించి, బురుజుల దాకా దారులు తొలిపించి, చివరకు 1514 జూన్‌లో కోట పట్టాడు. జూలై 6న ఇద్దరు దేవేరులతో తిరుమల కొండకు పోయి, 30,000 బంగారు నాణేలతో శ్రీవారికి కనకాభిషేకం చేయించాడు. శాసనం ఈనాటికీ ఆ సంగతి చెబుతూనే ఉంది.

కనకాభిషేకం గురించి చెప్పుకున్నంతగా కొండ మీద ఆ ఏడాదిన్నర పదివేల మంది ఏం తాగి బతికారన్నది ఎవరూ చెప్పుకోరు. నిజానికి కోట కథ అంతా అందులోనే ఉంది. నూనిజ్ ఆకలిని గురించి రాశాడే గాని దాహాన్ని గురించి రాయలేదు. కొండ మీద నీళ్ళుండేవన్నమాట. ఇప్పటికీ పైకి పోయినవారు రాతి పల్లాల్లో నిలిచే దొనలను, కట్టి నిలిపిన కుంటలను చూస్తారు. ఈ సీమకు వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. సముద్రం నుంచి వచ్చే తుపాను మేఘం అడ్డం వచ్చిన కొండను తాకి అక్కడ కుమ్మరిస్తుంది. ఆ మూడు నెలల వానను తొమ్మిది నెలల పాటు దాచుకోగలిగితేనే కొండ మీద మనిషి నిలుస్తాడు. గోడలు కట్టిన మేస్త్రీల కంటె ఆ నీటి పల్లాలు గుర్తించినవాడే గొప్పవాడనిపిస్తుంది.

నేడు ఆ కుంటలు చాలావరకు పూడిపోయాయి. అడుగున ఒండు, పైన తుంగ. డిసెంబరులో పోతే నీళ్ళు కనిపిస్తాయి గాని తాగడానికి పనికిరావు. మార్చి దాటితే అవీ ఉండవు. పైన నీళ్ళున్నాయట అన్న మాట నమ్మి ఖాళీ సీసాతో బయలుదేరడం మాత్రం పనికిరాదు. మనిషికి మూడు లీటర్లకు తక్కువ తీసుకుపోకూడదు.

శిఖరం మీద మసీదులున్నాయి. పదిహేడవ శతాబ్ది నడుమ గోల్కొండ సేనలు కోటను పట్టినప్పటి పారశీక శాసనం ఒకటి మసీదులో ఉంది. ఆ తరువాత ఆర్కాటు నవాబుల కాలంలో ఉదయగిరి జాగీరైంది. 1840 ప్రాంతంలో ఆఖరి జాగీర్దారుపై కుట్ర నేరం మోపి కుంఫిణీవారు అతన్ని చెంగల్పట్టుకు పంపడంతో కోట పని అయిపోయింది. అప్పటి నుంచి అది చింతచెట్లకూ పావురాలకూ నిలయం.

ఈ కొండ మీద ఒకప్పుడు 365 గుళ్ళుండేవనీ, ఏడాదిలో రోజుకొక గుడిలో పూజ జరిగేదనీ ఉదయగిరిలో చెప్పుకుంటారు. లెక్క సంగతి ఎలా ఉన్నా, ఇక్కడి దేవుళ్ళలో ఒకరి జాడ మాత్రం రూఢిగా తెలుసు. కోట గెలిచిన రాయలు ఉదయగిరి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలో కృష్ణాలయం అదే. ఆ గాలిగోపురం మీద సున్నపు బొమ్మల్లో ఉదయగిరి యుద్ధమే కనిపిస్తుందంటారు. గుడి హంపీలోనే ఉంది గాని స్వామి అక్కడ లేడు. ఉదయగిరి కృష్ణుణ్ణి చూడదలచిన వారు ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి పోవాలి.

నిధుల గుంటలు, చెక్క గరిటెలు

కొండ మీద చూడక తప్పని మరొకటుంది. అవి గుంటలు. గోడ పునాదుల కింద, మండపాల నడుమ, విగ్రహాలుండిన పీఠాల అడుగున మనిషి లోతు తవ్వి వదిలిన గోతులు. గుప్తనిధుల కోసం రాత్రిళ్ళు వచ్చేవారి పని ఇది. రాజులు పోతూ పోతూ బంగారం పాతిపెట్టారన్న నమ్మకం ఎన్ని తరాలుగా ఉన్నదో గాని, పాతిపెట్టిన రాజులు కోటను ఇంతగా పాడుచేయలేదు. ఏడాదిన్నర ముట్టడిని తట్టుకున్న గోడ గడ్డపారకు తట్టుకోలేకపోతున్నది. నిధి దొరికినా దాచుకోవడానికి చట్టం ఒప్పదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల దేనినైనా కలెక్టరుకు తెలపాలి. కోట వాకిటి దగ్గర ఒక బోర్డు పెట్టి ఈ ఒక్క ముక్క రాయించినా కొంత ఫలితం ఉంటుంది.

కింద ఊరికి వస్తే ఇదే అడవి వేరే విధంగా అన్నం పెడుతున్నది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు ఈనాడు దూర దేశాల్లో కూడా తెలుసు. ఎక్కువగా ముస్లిం కుటుంబాల ఆడవారి చేతి పని ఇది. నర్ది, బిక్కి వంటి కొండ చెట్ల కొయ్యను చిన్న బాడిసెతో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, పిడి మీద పూలు, లతలు తీస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పని. సమస్య కొయ్యతోనే. గరిటెకు కావలసింది చేతిమందం కొమ్మ. దాని కోసం చెట్టు మొదలు నరికితే మళ్ళీ ఆ చెట్టు రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. అటవీశాఖ అడ్డుకుంటే పనివారికి పూట గడవదు, అడ్డుకోకపోతే పదేళ్ళకు కొయ్యే ఉండదు. ఈ చెట్లను కొండ కింద బీళ్ళలో, చెరువు గట్ల మీద ప్రత్యేకంగా పెంచితే తప్ప ఈ తగవు తీరేది కాదు. కొండ దిగి వచ్చినవారు ఊళ్ళో ఒక గరిటె కొనుక్కుపోయేటప్పుడు ఈ సంగతి కూడా విచారించడం మంచిది.

పెన్న కోసిన చోటు

ఉదయగిరి నుంచి దక్షిణంగా వెలిగొండ వెంట చూపు సాగిస్తే వరుస ఒకచోట తెగుతుంది. అక్కడే సోమశిల. పడమట రాయలసీమ నీళ్ళన్నీ మూటగట్టుకుని వచ్చే పెన్నకు నెల్లూరులోకి రావడానికి ఉన్న వాకిలి అదొక్కటే. ఆ వాకిట్లోనే 78 టి.ఎం.సి.ల జలాశయం కట్టారు. ఈ వాకిలి ఎంత ఇరుకో 2021 నవంబరులో జనానికి తెలిసివచ్చింది. ఎగువన కుండపోత వానలు, కడప సీమలో అన్నమయ్య జలాశయం కట్ట తెగడం, వరద అంతా సోమశిల మీద పడడం, దిగువన కోవూరు దాకా ఊళ్ళు మునగడం చూసినవారు ఇంకా మరువలేదు.

వాకిలికి ఉత్తరపు స్తంభం ఉదయగిరి అనుకుంటే దక్షిణపు స్తంభం పెంచలకోన. సోమశిల నుంచి పెంచలకోన కొండలు దగ్గరే. రెండు కొండల రాయి ఒకటే, చెట్టు చేమ ఒకటే. నీళ్ళ విషయంలో మాత్రం పెంచలకోన అదృష్టవంతురాలు. ఉదయగిరి మీద నీటిని కట్టి నిలుపుకోవాలి, పెంచలకోనలో అది తనంత తానే పారుతుంది.

పెంచలకోన: రాళ్ళు పెనవేసుకున్న చోటు

నెల్లూరు నుంచి పొదలకూరు మీదుగా, గూడూరు నుంచి రాపూరు మీదుగా గోనుపల్లికి వస్తే కొండల ఒడిలో స్వామి సన్నిధి. శనివారం నాడు రద్దీ ఎక్కువ. వైశాఖ మాసంలో బ్రహ్మోత్సవాలు. ఇక్కడ లక్ష్మీనరసింహుడు శిల్పి చెక్కిన మూర్తి కాడు. ఒకదాన్నొకటి పెనవేసుకున్న శిలల రూపంలో వెలసినవాడు. పెనుశిల అన్న మాటే పెంచలగా మారిందంటారు. మన ఊళ్ళలో పెంచలయ్య, పెంచలమ్మ అని పిలిస్తే నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. ఇంత మంది పేర్లలో బతుకుతున్న కొండ ఈ సీమలో మరొకటి లేదు.

కథ కూడా కొండదే. హిరణ్యకశిపుణ్ణి చంపిన ఆవేశం తీరక నరసింహుడు ఈ అడవుల్లో తిరుగుతుంటే చెంచుల పిల్ల చెంచులక్ష్మి కనిపించి ఆయనను చల్లబరిచింది. ఇద్దరూ శిలలై పెనవేసుకున్నారు. పెళ్ళి సంగతి తెలిసి ఆదిలక్ష్మి అలిగి ఏటికి అవతల విడిగా కాపురం పెట్టింది. అందుకే అమ్మవారి గుడి దూరంగా ఉన్నది. స్వామి ముసలివాడి రూపంలో మేకల కాపరికి కనిపించి, ఊళ్ళోకి పోయి గుడి కట్టమని చెప్పు, వెనక్కి మాత్రం తిరిగి చూడకు అన్నాడనీ, చూసిన కాపరి రాయై నిలిచిపోయాడనీ మరో కథ. కొండ దారిలో వెనక్కి చూస్తూ నడిస్తే కాలు జారుతుంది గనుక పెద్దలు పుట్టించిన కథేమో అది.

గుడి దాటి కోనలోకి నడిస్తే ఏటి చప్పుడు వెంట వస్తుంది. రాతి మెట్లలా దిగే నీళ్ళు ఒక్కొక్క చోట గుండమై నిలుస్తాయి. పైన జలపాతం ఉంది. వానలు పడిన కార్తీక, మార్గశిర మాసాల్లో దాని సొంపు చూడాలి. వేసవిలో అది రాతి మీద తడి చారగా మిగులుతుంది. జలపాతం దాకా పోయేవారే చాలామంది. అక్కడి నుంచి పైకి, శిఖరం దాకా పోవాలంటే అడవి తెలిసిన మనిషి తోడు కావలసిందే. కొండ చుట్టూ కోనలు ఒకదానిలోంచి ఒకటి చీలిపోతాయి. ఒక కోన అనుకుని మరొక కోన పట్టి దిగినవాడు కడప వైపు తేలినా ఆశ్చర్యం లేదు. తేనె, గడ్డలు, మూలికల కోసం తరతరాలుగా ఈ అడవిలో తిరిగిన యానాదులకు ఏ కోన ఏ ఊరికి దిగుతుందో కంఠస్థం. వారి తోడు దొరికినవారికి ఆ పగలు దండగ కాదు. ఏ ఆకు ఎందుకు పనికివస్తుందో, ఏ పుట్ట పక్కన కూర్చోకూడదో నడుస్తూ నడుస్తూ చెబుతారు. కూలి మాత్రం ముందే మాట్లాడుకుని మర్యాదగా చేతిలో పెట్టాలి. రోజంతా తిప్పించుకుని టీ డబ్బులు ఇచ్చి పంపేవారు కూడా లేకపోలేదు.

ఇక్కడి ప్రమాదం దాహం కాదు, నీరే. గుండాలు పైకి చిన్నవిగా కనిపిస్తాయి, లోపల బండ జారుడు, అడుగు అందదు. ఈత వచ్చినవాడు కూడా అంచు దొరక్క మునుగుతాడు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. కోనలో ఎండ కాస్తున్నా పైన కొండ నెత్తిన వాన పడితే ఏరు క్షణాల్లో వస్తుంది. తేటగా పారే నీరు ఎర్రబారినా, ఆకులు, పుల్లలు కొట్టుకువస్తున్నా, చప్పుడు మారినా వెంటనే ఒడ్డెక్కి ఎత్తైన చోట నిలవాలి. బట్టలు, చెప్పులు సర్దుకుందామని ఆగకూడదు. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో కోన మొహం చూడకపోవడమే మేలు.

ఈ ఏరే కండలేరు. కణ్వ మహర్షి తపస్సు చేసిన చోటు గనుక కణ్వలేరు అనీ, అదే కండలేరు అయిందనీ స్థలపురాణం. ఏరు కొండ దిగి మెట్టలోకి వస్తుంది. దాని మీద తెలుగుగంగ పథకంలో 68 టి.ఎం.సి.ల జలాశయం కట్టారు. సోమశిల నుంచి కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు దానిలోకి చేరతాయి, అక్కడి నుంచి 1996లో మొదటిసారి చెన్నైకి పారాయి. జలాశయం దాటిన తరువాత కండలేరు తూర్పుకు సాగి, ఉప్పుటేరై, కృష్ణపట్నం రేవు పక్కన సముద్రంలో కలుస్తుంది. రేవులో ఓడ ఎక్కే మనిషికి తన కాళ్ళ కింది నీరు నరసింహుని కోన నుంచి వచ్చిందని తెలియకపోవచ్చు. తెలిసినా తెలియకపోయినా కోనలో యాత్రికులు పారేసిన ప్లాస్టిక్ సీసా వాన వచ్చినప్పుడు పోయే దారి కూడా అదే.

అడవి నియమాలు

పెంచలకోన చుట్టూ ఉన్న అడవి 1997 నుంచి పెనుశిల నరసింహ అభయారణ్యం. నెల్లూరు, కడప సీమల్లో కలిపి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. చిరుత, ఎలుగు, దుప్పి, కణితి తిరిగే చోటు. గుడికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గుడి దాటి అడవిలోకి పోవాలంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. నిప్పు పెట్టడం నేరం. ఈ నియమాలు ఎక్కేవారిని వేధించడానికే అనుకునేవారున్నారు. కాని ఇది ఎర్రచందనం అడవి. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది వెలిగొండ, శేషాచలం, పాలకొండ, లంకమల కొండల్లోనూ చుట్టుపక్కల కొద్ది మేరలోనూ మాత్రమే. దొంగ నరుకుళ్ళ బెడద ఉన్నచోట చెప్పాపెట్టకుండా కొండెక్కినవాడు దొంగో, యాత్రికుడో కాపలావారికి ఎలా తెలుస్తుంది? రేంజి ఆఫీసులో పేర్లు, బండి నంబరు, తిరిగి వచ్చే వేళ రాసిచ్చి పోతే అనుమానమూ ఉండదు, సాయంత్రానికి రాకపోతే వెతికే దిక్కూ ఉంటుంది.

నిప్పు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వేసవిలో వెలిగొండ మీద రాత్రి పూట ఎర్రటి గీతలు పాకడం మెట్ట ఊళ్ళవారందరూ చూసిందే. కొత్త గడ్డి కోసం కాపరులు పెట్టే మంట కొంత, పొయ్యి ఆర్పకుండా పోయినవారి నిర్లక్ష్యం కొంత, బీడీ ముక్క కొంత. గడ్డి కాలిన వాలు మీద తొలకరి వాన పడితే మట్టి నిలవదు. ఆ మట్టే వాగుల్లో కొట్టుకువచ్చి కింద చెరువులు పూడుస్తుంది. ఎండాకాలంలో కొండ మీద మంట చూసి అది అటవీశాఖ వారి తలనొప్పిలే అనుకున్న రైతు, మూడేళ్ళకు తన చెరువు లోతు తగ్గిందని ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు?

కొండ కింది పొదలు కూడా పనికిమాలినవి కావు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ దొర 1848 ప్రాంతంలో ఈ కొండల సీమలోనే ఒక అరుదైన పక్షిని లోకానికి చూపాడు. 1900 తరువాత అది కనిపించకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో మళ్ళీ దొరికింది. ఊరివారు దానిని ఎప్పటి నుంచో కలివికోడి అని పిలుస్తూనే ఉన్నారు. కలివి పొదల నడుమ రాత్రి పూట తిరిగే ఆ పక్షికి పొద కొట్టేస్తే ఇల్లు లేనట్టే.

ఎప్పుడు, ఎలా

రెండు కొండలకూ డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు వెనుకబడి ఉంటాయి, ఎండ ముదరదు. ఆ రోజుల్లో ఆరు దాటాకే తెల్లవారుతుంది, సాయంత్రం ఆరుకే పొద్దు పోతుంది గనుక చేతిలో ఉండేది పదకొండు గంటల పైచిలుకు. అందులో అడవిలో చీకటి అరగంట ముందే పడుతుంది. శిఖరం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం రెండు గంటలకు వెనుదిరగాలని కాపరులు చెబుతారు. ఇంకో పది నిమిషాలు అన్నవారే చీకట్లో చిక్కుకుంటారు. దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే బరువు ఎక్కేటప్పటి కంటె ఎక్కువ. అలసిన కాలే జారుతుంది. వెదురు కర్ర ఒకటి చేతిలో ఉంటే మూడో కాలు ఉన్నట్టే.

చద్దిమూట కట్టుకుపోవడం మంచిది, పైన పొయ్యి పెట్టనక్కరలేదు. పులిహోర గాని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో పెరుగన్నం గాని సరిపోతుంది. ముగ్గురికి తక్కువ పోకూడదు. ఒకరికి కాలు బెణికితే ఒకరు తోడుండాలి, ఒకరు కిందికి పరుగెత్తాలి.

వైశాఖంలో బ్రహ్మోత్సవాలకు పోయేవారు మాత్రం శిఖరం మాట తలపెట్టకుండా ఉండాలి. ఆ రోజుల్లో బండలు పెనంలా కాలుతాయి, కోనలో చాలాచోట్ల చెలమ తీస్తే గాని నీళ్ళు ఊరవు. స్వామి దర్శనం చేసుకుని, ఏటికి అవతల అలిగి కూర్చున్న అమ్మవారిని కూడా పలకరించి, ఎండ ముదరకముందే బస్సెక్కడం మేలు. కొండ ఎక్కాలన్న కోరిక గట్టిగా ఉన్నవారు కార్తీకం వెళ్ళాక, తుపాను కబురు లేని రోజు చూసుకుని మళ్ళీ రావచ్చు. అప్పటికి ఏరు నిండుగా పారుతుంటుంది, ఉదయగిరి మీద దొనల్లో కూడా నీళ్ళుంటాయి.